పధ్నాలుగులో ఒత్తు

ఆమెను ప్రెస్సులో అందరూ ఒత్తులమ్మ అంటారు. ఎదురుగా అనరు, వెనకాల అంటారు. వెనకాల అన్నా ఆమెకు వినబడుతుంది, ఎందుకంటే పేరుకు ప్రెస్సే గానీ ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో ప్రొప్రయిటరు, ఆయన బల్ల, ఆయన ఒక్కడికే గాలి విసిరే ఫ్యాను. వెనక గదిలో డీటీపీ అన్నయ్య, ఆయన కంప్యూటరు, కిటికీ వైపు ఒత్తులమ్మ, ఆమె ఎర్ర పెన్నులు. అచ్చు మిషన్లు ఎక్కడో వేరే చోట తిరుగుతాయి. ఇక్కడ ముందుగా పుట్టేవి పుస్తకాలు కావు, తప్పులు. అవి కళ్ళు తెరవకముందే గొంతు నులమడం ఆవిడ ఉద్యోగం.

ఆ పేరు ఊరికే రాలేదు. అక్కర్లేని చోట ఒత్తు కనబడినా, ఉండాల్సిన చోట లేకపోయినా ఆమెకు పంటికింద రాయి తగిలినట్టు ఉంటుంది. చేరిన కొత్తలో ఒక ఖగోళం పుస్తకంలో అర్ధచంద్రుడు కాస్తా 'అర్థచంద్రుడు' అయి కూర్చుంటే, కాగితం పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. "ఈ చంద్రుడికి ఆస్తులెక్కడివండీ?" అని అడిగింది. ప్రొప్రయిటరుకు నవ్వు రాలేదు. డీటీపీ అన్నయ్యకు వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె ఒత్తులమ్మ.

ప్రెస్సు బతికేది ఆకాశం మీద. బడిపిల్లలకూ, ఆసక్తి ఉన్న పెద్దవాళ్ళకూ గ్రహాల మీదా నక్షత్రాల మీదా సన్నటి పుస్తకాలు వేస్తారు. రాసేది రిటైరయిన ఫిజిక్సు లెక్చరరు. ఆయనకు విషయం తెలుసు, చేతిరాత మాత్రం కోడి గీకినట్టు ఉంటుంది. ఆ గీతలు కంప్యూటరులోకి ఎక్కేసరికి సూర్యుడి వెలుగు ఎనిమిది నిమిషాలకు బదులు ఎనిమిది సెకన్లలో భూమ్మీద వాలిపోయేది. బొమ్మలు వేసే మనిషి నెలవంక రెండు కొమ్ముల మధ్య, చీకటిగా ఉన్న చంద్రుడి ఒంటి మీదే, ఒక నక్షత్రాన్ని అంటించేవాడు. చంద్రుడి ఫొటో తిరగబడి, కుడివైపు మచ్చలు ఎడమవైపుకు వెళ్ళేవి. ఇవన్నీ ఒత్తులమ్మ పట్టుకునేది. పట్టుకుంటూ పట్టుకుంటూ ఆకాశాన్ని నేర్చుకుంది. డాబా ఎక్కి తలెత్తి చూడడం మాత్రం ఎప్పుడూ చేయలేదు.

అన్నీ తెలుసనుకునేరు, తెలియదు. ఒకసారి 'శుక్రగ్రహం మీద సూర్యుడు పడమట ఉదయిస్తాడు' అన్న వాక్యం చూసి, నవ్వుకుని, పడమట కొట్టేసి తూర్పు అని దిద్దింది. శుక్రుడు తన చుట్టూ తాను తిరిగేదే ఎదురు దిశలో. లెక్చరరు వచ్చి, కోపం కూడా చూపించకుండా, "అమ్మా, తప్పుల్ని దిద్దండి, ఆశ్చర్యాల్ని దిద్దకండి," అని వెళ్ళిపోయాడు. ఆ మాట ఆమెకు చాలాకాలం ముల్లులా గుచ్చుకుంది. అప్పటి నుంచి ఏ చిన్న అనుమానం వచ్చినా ఆయన్ని అడగకుండా ఉండేది కాదు. అడగాల్సినవన్నీ మార్జిన్లోనే రాసుకునేది.

దాంతో ఇంకో గొడవ వచ్చింది. శని వలయాల మీద వేసిన పుస్తకంలో, వలయాలు దేనితో తయారయ్యాయో చెప్పే పేరా మధ్యలో, 'ఇది లెక్చరరు గారిని అడగాలి' అన్న వాక్యం అచ్చయి మార్కెట్లోకి పోయింది.

"నువ్వు రాశావు, నేను కొట్టాను," అన్నాడు డీటీపీ అన్నయ్య. "నువ్వు రాసేది దిద్దుబాటో, నీతో నువ్వు చెప్పుకునే కబురో నాకెట్లా తెలియాలి తల్లీ? నాకేమన్నా సోదె వచ్చా?"

"అయితే ఇకనుంచి అడగాల్సిన వాటి చుట్టూ సున్నా చుడతాను. సున్నా చుట్టినవి నావి. నువ్వు ముట్టుకోకు."

"ముట్టుకోను. మంటల్లో ఉన్నా ముట్టుకోను."

ఆ మాట మీద ఆయన నిలబడ్డాడు. ఈ కథలో మాట తప్పినవాడు ఒక్కడూ లేడు. అదే దీంట్లో దరిద్రం.

ఆ ఏడాది సూర్యగ్రహణం వస్తోందని తెలియగానే ప్రొప్రయిటరు గ్రహణాల పుస్తకం వేద్దామన్నాడు. లెక్చరరు ఆదరాబాదరాగా రాశాడు. ప్రూఫులు ఒత్తులమ్మ బల్ల మీదికి వచ్చాయి. సూర్యుణ్ణి ఎట్లా చూడాలో చెప్పే పేజీ ఒకటుంది. వెల్డింగు పనివాళ్ళు ముఖానికి అడ్డం పెట్టుకునే నల్లద్దాల్లో పధ్నాలుగో నంబరు అద్దంలోంచి మాత్రమే చూడాలనీ, ఇంకే అద్దమూ పనికిరాదనీ లెక్చరరు రాశాడు. విషయం అక్షరాలా నిజం. కానీ ఆ మాట లైను చివర విరిగింది. 'పధ్' పైలైనులో ఉండిపోయింది, 'నాలుగో' కిందికి దిగింది. పైలైను చివర ఆ ధ కింద ఒత్తు, ఎవరో కాలు చాపుకుని కూర్చున్నట్టు, ఆమెకు కొట్టొచ్చినట్టు కనబడింది.

పదికి లేని ఒత్తు పధ్నాలుగుకు ఎందుకు? ఆమె 'పధ్' కొట్టేసి, పక్కన మార్జిన్లో 'పద్' అని రాసింది. రాశాక లెక్చరరు గుర్తొచ్చాడు. ఆయనకు ఒత్తు పెట్టి రాయడమే ఇష్టం, ఒకమాట అడిగితే పోలా అనుకుంది. రాసిన దాని చుట్టూ సున్నా చుట్టింది.

డీటీపీ అన్నయ్య కొట్టేసింది తీసేశాడు. సున్నా చుట్టినది ముట్టుకోలేదు.

గ్రహణం తొందరలో లెక్చరరును అడగడం మరిచిపోయింది. రెండో ప్రూఫు వచ్చినప్పుడు ఆమె ఆ లైను దగ్గర ఆగింది కూడా. ఒత్తు ధ పోయిందా? పోయింది. టిక్కు పెట్టి పేజీ తిప్పింది. 'నాలుగో నంబరు అద్దంలోంచి మాత్రమే సూర్యుణ్ణి చూడాలి.' ఆ వాక్యంలో అక్షరదోషం లేదు. ఒత్తుకు ఒత్తు, కొమ్ముకు కొమ్ము, అన్నీ చక్కగా ఉన్నాయి. అక్షరం తప్పితే ఎవరో ఒకరు ఆగి చూస్తారు. అంత శుభ్రంగా ఉన్న అబద్ధం దగ్గర ఎవరాగుతారు?

పుస్తకం వచ్చింది. బడులు కట్టలకు కట్టలు కొన్నాయి. మొదటి కాపీ ఒత్తులమ్మ తన చెల్లెలికిచ్చింది. చెల్లెలు పక్క వీధిలో ఉంటుంది, బడిలో సైన్సు టీచరు. అమ్మ పోయాక ఆ పిల్లకు తల దువ్వింది, ఎక్కాలు చెప్పింది, పెళ్ళి చేసింది ఒత్తులమ్మే. "మా అక్క చేయి పడిన పుస్తకం, కళ్ళు మూసుకుని నమ్మొచ్చు," అని చెల్లెలు స్టాఫు రూములో అందరికీ చూపించిందట.

గ్రహణం ఎల్లుండి అనగా, ఒత్తులమ్మ మధ్యాహ్నం పనిలోంచి కాస్త ముందుగా లేచి ఇనుప సామాను కొట్టుకు వెళ్ళింది. ఇంట్లోకి ఒక అద్దం కొందామని.

"పధ్నాలుగో నంబరు వెల్డింగు అద్దం ఒకటి ఇవ్వండి."

కొట్టతను మేకులు తూస్తున్నవాడు తలెత్తాడు. "పధ్నాలుగా? అది అడిగింది మీరొక్కరేనమ్మా. ఈ వారమంతా నాలుగే నాలుగు."

"నాలుగే నాలుగేంటి?"

"నాలుగో నంబరు. లేతాకుపచ్చగా ఉంటుంది చూడండి, అది. ఉన్న డబ్బా అయిపోతే మళ్ళీ తెప్పించా, అదీ అయిపోవచ్చింది. గ్యాసు వెల్డింగోళ్ళొచ్చి మొత్తుకుంటున్నారు."

ఒత్తులమ్మకు ముందు కోపం వచ్చింది. తర్వాత జాలితో కూడిన నవ్వు వచ్చింది. వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇంకొకరి తప్పు చూస్తే వచ్చే నవ్వు అది. "నాలుగో నంబరుతో సూర్యుణ్ణి చూస్తే కళ్ళు కాలిపోతాయండీ. ఏ తలమాసినవాడు చెప్పాడు?"

"నాకేం తెలుసమ్మా, అడిగింది ఇస్తా. పుస్తకంలో ఉందంట."

"ఏ పుస్తకంలో?"

పక్కన నిలబడి ఉన్న ఒకావిడ, "ఇదిగోండి, ఇందులో," అంటూ సంచీలోంచి తీసి చూపించింది. నీలం అట్ట. అట్ట మీద నల్లటి సూర్యుడు, చుట్టూ తెల్లటి వెలుగు. ఆ వెలుగు అచ్చులో పసుపుగా పడిందని పోట్లాడి మార్పించింది ఒత్తులమ్మే. ఆవిడ పేజీ తీసి వేలు పెట్టింది. ఒత్తులమ్మ చదివింది. మళ్ళీ చదివింది.

"మేం నలుగురం ఉన్నాం, నాలుగిమ్మన్నా," అంటోంది ఆవిడ కొట్టతనితో.

"కొనకండి," అంది ఒత్తులమ్మ. "అది తప్పు పడింది. పధ్నాలుగు అని ఉండాలి."

"మీకెట్లా తెలుసండీ? అచ్చులో ఉంది కదా."

"ఆ అచ్చు దిద్దింది నేనే."

ఆవిడ ముఖం విప్పారింది. "మీరేనా? అయితే ఇంకేం, సరిగ్గానే ఉంటుంది."

ఆమెకు నచ్చజెప్పి, కొట్టతని చేత మిగిలిన అద్దాలు లోపల పెట్టించి బయటికొచ్చేసరికి, వీధి వీధంతా కొత్తగా కనబడింది ఒత్తులమ్మకు. మందుల షాపు ముందు ఒకాయన లేతాకుపచ్చ అద్దం ఎండకు పట్టి, ఒక కన్ను మూసి, దుమ్ము తుడుస్తున్నాడు. స్కూటరు బుట్టలో కాగితం చుట్టిన అద్దాలు టకటకమంటున్నాయి. ఎండ ఎప్పటిలాగే ఉంది. అది ఎవరికీ ఏమీ చెప్పదు.

బడిపిల్లలకు పంచడానికి అద్దాలు తెప్పిస్తానని చెల్లెలు అన్నది గుర్తొచ్చి, ఆమెకు ఫోను చేసింది. ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. మెసేజు వచ్చింది: 'పిల్లలతో ఉన్నా అక్కా, సాయంత్రం మాట్లాడతా.' ఒత్తులమ్మ వెంటనే రాసింది: 'అద్దాలు ఎవరికీ ఇవ్వకు.' దానికి జవాబు రాలేదు.

ప్రెస్సుకు తిరిగొచ్చి సంగతి చెప్పగానే డీటీపీ అన్నయ్య పాత ప్రూఫు తీసి బల్ల మీద పరిచాడు. తిట్టలేదు, వాదించలేదు. వేలితో చూపించాడు. "సున్నా చుట్టావు తల్లీ."

"చుట్టాను."

"ముట్టుకోవద్దన్నావు."

"అన్నాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఆ అద్దం మా మనవడికి నేనే కొనిచ్చా," అని, అంతలోనే లేచి చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తాడు.

ప్రొప్రయిటరు మాత్రం కదలలేదు. అంతా విని, ఫ్యాను వేగం కాస్త తగ్గించాడు. "సరే. వచ్చే ముద్రణలో తప్పొప్పుల పట్టిక వేద్దాం."

"గ్రహణం ఎల్లుండి అండీ."

"అదే నేనూ చెప్పేది. ఎల్లుండి అయిపోతే ఆ పేజీ మళ్ళీ ఎవరు చూస్తారు? ఇప్పుడు నువ్వెళ్ళి ఊరంతా టముకు వేస్తే, ఈ ఒక్క పుస్తకం కాదమ్మా, మనం వేసినవన్నీ వెనక్కొస్తాయి. బడులు ఇంకోసారి మన గుమ్మం తొక్కవు."

"కళ్ళండీ."

"ఎవరో ఒకరిద్దరు చూస్తారు. మబ్బు పట్టొచ్చు కూడా. నువ్వు బయట నోరు విప్పితే, రేపటి నుంచి ఈ బల్ల నీది కాదు. తర్వాత నన్ననొద్దు."

అర్ధచంద్ర ప్రయోగం అంటే ఇదే కాబోలు అనుకుంది ఒత్తులమ్మ, మెడ పట్టి బయటికి గెంటడం. దీంట్లో మాత్రం ఒత్తు సరిగ్గానే ఉంది. పెన్నులు బల్ల మీదే వదిలేసి, రెండు వీధుల అవతల ఉన్న రేడియో స్టేషనుకు నడిచింది.

స్టేషనులో ఉన్న కుర్రమ్మాయి ముందు నమ్మలేదు, తర్వాత కంగారు పడింది. పాటకూ పాటకూ మధ్య మైకు ఇచ్చింది. ఒత్తులమ్మ పుస్తకం పేరు చెప్పింది, పేజీ చెప్పింది, ప్రెస్సు పేరు చెప్పింది. "నాలుగు కాదు, పది మీద నాలుగు," అని విడదీసి చెప్పింది. ఎవరైనా అడగాలనుకుంటే అడగండని తన ఫోను నంబరు కూడా చెప్పింది. బయటికొచ్చాక ఆమెకు అర్థమైంది, అద్దాలు ముందే కొనుక్కున్నవాళ్ళు ఆ సమయంలో రేడియో వింటున్నారని నమ్మకమేమీ లేదని. పుస్తకం ఇంటింటికీ పోయింది. మాట గాల్లో పోయింది.

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్ళేసరికి చెల్లెలు వరండాలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పేపరు దగ్గరికి తెచ్చుకుంటోంది, దూరం పెడుతోంది, తల పక్కకి వంచి ఓరగా చూస్తోంది.

"అద్దాలు ఇచ్చావా పిల్లలకి?"

"ఇవ్వలేదులే. నీ మెసేజు చూశా. ఏంటక్కా, అంత గాభరా?"

ఒత్తులమ్మ గుమ్మానికి చేరగిలబడింది. చెప్పింది, మొత్తం. చెల్లెలు వింటూ వింటూ చేతిలోని పేపరు కింద పెట్టింది.

"పిల్లలకిచ్చే ముందు నేను చూడొద్దా మరి?" అంది మెల్లగా. "నిన్న మధ్యాహ్నం చూశా. సూర్యుడు ఎట్లా కనబడతాడో పిల్లలకి చెప్పాలి కదా అని."

"ఎంతసేపు?"

"చూశాలే. వెలుతురు కొంచెం ఎక్కువగానే అనిపించింది. తీసేద్దామనుకున్నా. మళ్ళీ, నువ్వు దిద్దిన పుస్తకం కదా, నువ్వు తప్పు పోనివ్వవు కదా అని చూశా."

ఒత్తులమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"పొద్దున్నుంచి కళ్ళ ముందు ఒక చుక్క ఆడుతోందక్కా. బూడిద రంగుది. నిద్ర చాలక అనుకున్నా." పేపరు మళ్ళీ తీసుకుంది. "మాట మొదలు కనబడుతోంది, చివర కనబడుతోంది. చూసేచోట మాత్రం అక్షరం ఉండట్లేదు. చూపు జరిపితే అది కనబడుతుంది, పక్కది పోతుంది. తమాషాగా ఉంది." ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మర్నాడు కళ్ళ డాక్టరు దీపం వేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. "నొప్పి ఉండదమ్మా వీటికి. అందుకే ఎవరూ వెంటనే రారు," అన్నాడు. తగ్గొచ్చు, నెలలు పట్టొచ్చు, కొంతమందికి పూర్తిగా తగ్గదు. మందు అడిగితే తల అడ్డంగా ఊపాడు. "గ్రహణం రేపు కదా, మీరేంటి ముందే వచ్చారు?" అని కూడా అడిగాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గ్రహణం రోజు మబ్బు పట్టలేదు. ఆకాశం కడిగి ఆరబెట్టినట్టుంది. ఒత్తులమ్మ చెల్లెలి ఇంట్లోనే ఉంది. ఒత్తులమ్మ భర్త, దర్జీ, కుట్టుమిషను వదిలేసి పొద్దున్నే వీధిలో తిరిగి తెలిసినవాళ్ళందరికీ చెప్పొచ్చాడు. "సగం మంది విన్నారు," అన్నాడు. "మిగతా సగం, 'నీ పెళ్ళాం దిద్దిన పుస్తకంలోనే ఉంది కదయ్యా' అన్నారు." ఆపైన ఆమెను నవ్వించాలని, "ఉద్యోగం పోతే పోయిందిలే, కాజాలు కుట్టడం నేర్పిస్తా. అందులో ఒత్తులుండవు," అన్నాడు. ఆమె నవ్వింది, ఆయన కోసం.

వెలుగు సన్నగిల్లింది. సాయంత్రపు మసక కాదు అది. ఎండ ఎండలాగే ఉండి, దాంట్లోని వేడినీ రంగునూ ఎవరో తోడేసినట్టు, గోడలన్నీ రేకు రంగుకు తిరిగాయి. కిటికీ తెర వేసినా గదిలోకి ఆ వెలుగే వచ్చింది. డాబాల మీద నుంచి జనం కేకలు వినబడ్డాయి, సంతోషంతో వేసే కేకలు. ఒక్కో కేకకూ ఒత్తులమ్మ చెయ్యి చెల్లెలి చేతి మీద బిగుసుకుంటోంది.

"వదులక్కా, నొప్పి," అంది చెల్లెలు.

నెమ్మదిగా ఎండ మళ్ళీ ఎండయింది. కేకలు సద్దుమణిగాయి. వీధిలో స్కూటర్లు కదిలాయి. అందరూ ఇళ్ళల్లోకి వెళ్ళారు, అన్నాలు తిన్నారు, ఏమీ కాలేదనుకున్నారు. చీకటి పడబోతుండగా ఒత్తులమ్మ ఫోను మోగింది. తెలియని నంబరు.

"రేడియోలో చెప్పింది మీరేనాండీ?" మగ గొంతు, నింపాదిగా ఉంది. "మాకు ఇప్పుడే ఎవరో చెప్పారు. మా వాడు ఆ నాలుగో నంబరుతోనే చూశాడు. అదేంలేదు, బాగానే ఉన్నాడు. మంట లేదు, నీళ్ళు కారట్లేదు, నొప్పి అసలే లేదు. అంటే ఏం కాలేదనే కదా?"

ఒత్తులమ్మ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు ఎడమ కన్ను మూసి గోడ మీది క్యాలెండరును చూస్తోంది. తర్వాత కుడి కన్ను మూసి చూసింది.

"హలో?" అన్నాడాయన. "వినబడుతోందా? ఏం కాలేదనే కదండీ?"

"రేపు పొద్దున్నే డాక్టరుకి చూపించండి," అంది ఒత్తులమ్మ. "ఈలోగా ఒక్కో కన్నూ మూసి ఏదైనా చదివించి చూడండి. చిన్న అక్షరాలుండాలి."

"ఎందుకండీ, నొప్పి లేదంటుంటే?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చెబుతుండగానే చెవి దగ్గర ఫోను బీప్ బీప్ మంది. ఇంకో నంబరు లైనులోకి వస్తోంది.